లాప్‌టాప్ ఎందుకు కాగుతుంది? ఒక అరవై ఏళ్ల వేడి కథ



ఇన్నాళ్లూ ఈ వ్యాసాల్లో మన పెద్దలు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారు, వెంట ఏ పని తెచ్చుకున్నారు అన్నవే రాసుకుంటూ వచ్చాం. ఈసారి రాసేది మన పిల్లల ఒళ్లో ఉన్న వస్తువు గురించి. గేమ్ పెట్టగానే లాప్‌టాప్ అంతగా ఎందుకు కాగుతుంది? దీనికీ ఒక చరిత్ర ఉందా అని నవ్వకండి. ఉంది, అరవై ఏళ్లది. అది తెలియకపోవడం వల్ల ఈ ఎండాకాలంలో మనవాళ్లు కొందరు ఫీజులకని దాచుకున్న డబ్బు తీసుకెళ్లి రిపేరు షాపుల్లో పోశారు. అందుకే కాస్త పొడుగైనా ఓపికగా చదవండి.

పిల్లలు ఇప్పుడు గేమ్ ఆడుతూ తెర మూలన రెండు అంకెలు పెట్టుకుంటారు. ఒకటి ప్రాసెసర్ వేడి, రెండోది గ్రాఫిక్స్ చిప్ వేడి. మొదటిది 95 డిగ్రీలు, రెండోది 85 అని కనిపిస్తుంది. నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయని బడిలో చదువుకున్నవాళ్లం కాబట్టి 95 చూడగానే మనకు గుండె గుభేలుమంటుంది.

మా మాట ముందే చెప్పేస్తాం. ఆ 95 ప్రమాద ఘంటిక కాదు. ఆ చిప్ తయారుచేసినవాళ్లు తెలిసి తెలిసి ఒప్పుకున్న అంకె అది. అట్లాగని వేడి వల్ల నష్టమే లేదనడం లేదు. ఉంది, కానీ మనం చూస్తున్న చోట లేదు. అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మొదటి కంప్యూటర్లు నిజంగా కొలుములే. 1946లో అమెరికాలో జనానికి చూపించిన ఎనియాక్‌లో 17 వేలకు పైగా వాల్వులు ఉండేవి, 150 కిలోవాట్ల కరెంటు తాగేది. తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చింది, ఆపైన ఒకే సిలికాన్ ముక్క మీద చాలా ట్రాన్సిస్టర్లు పెట్టడం వచ్చింది. 1965 ఏప్రిల్‌లో గోర్డన్ మూర్ 'ఎలక్ట్రానిక్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. చిప్ మీద పట్టే భాగాలు ఏటా రెట్టింపు అవుతాయన్న మాట అందులోదే. ఇంజినీరింగ్ చదివిన మన పిల్లలందరికీ ఆ మాట తెలుసు. అదే వ్యాసంలో వేడి గురించి ఒక చిన్న భాగం ఉందని మాత్రం చాలామందికి తెలియదు. ఇన్ని వేల భాగాలు ఒక్క ముక్క మీద పెడితే పుట్టే వేడిని బయటికి తీయగలమా అని ఆయనే అడిగి, తీయగలమని ఆయనే జవాబు చెప్పాడు.

ఆ ధైర్యానికి లెక్క కట్టి చూపించినవాడు ఐబీఎమ్‌లో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్, 1974లో. మన భాషలో చెప్పాలంటే, కుంపటి సగం చేసినప్పుడు బొగ్గులూ ఆ లెక్కనే తగ్గించాలి. ట్రాన్సిస్టర్‌ను ఎంత చిన్నది చేస్తామో వోల్టేజీని కూడా అంతే తగ్గిస్తే, ఎన్ని ట్రాన్సిస్టర్లు కిక్కిరిసినా ఒక చదరపు మిల్లీమీటరు మీద పుట్టే వేడి పెరగదు. పైగా వేగం కూడా పెరుగుతుంది. ముప్పై ఏళ్లపాటు ప్రపంచమంతా ఈ సూత్రం మీదే బతికింది. 1971లో ఇంటెల్ 4004 చిప్‌లో ఉన్నవి 2,300 ట్రాన్సిస్టర్లు. ఇప్పుడు మన ఇంట్లో ఉన్న గేమింగ్ లాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌లో వేల కోట్లు ఉన్నాయి. కుంపటి సూత్రం లేకపోతే ఇది జరిగేది కాదు.

అయితే ఆచరణలో బొగ్గులు తగ్గించాల్సినంత ఎవరూ తగ్గించలేదు. పోటీ అట్లాంటిది. 1993లో వచ్చిన మొదటి పెంటియమ్ 5 వోల్టుల మీద నడుస్తూ సుమారు 15 వాట్లు తినేది. ప్రాసెసర్ నెత్తిన లోహపు రెక్కలు, వాటి మీద చిన్న ఫ్యాను పెట్టడం ఆ రోజుల్లోనే అలవాటైంది. లాప్‌టాప్‌ల సంగతి వేరు. 1985లో తోషిబా అమ్మిన టీ1100 నాలుగు కిలోల బరువున్నా, అందులో తక్కువ కరెంటు తాగే చిప్ పెట్టారు. బ్యాటరీ మీద నడవాల్సిన వస్తువుకు పొదుపు తప్పదు. చాలా ఏళ్లు లాప్‌టాప్ అంటే ఆఫీసు లెక్కల పెట్టె. దాని మీద ఆటలాడాలని ఎవరూ కొనలేదు.

ఆటలు రంగంలోకి దిగాక లెక్క మారింది. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ కార్డు వచ్చినప్పుడు దాని చిప్‌ల మీద ఫ్యాను కాదు కదా, లోహపు రెక్కలు కూడా లేవు. బోడి చిప్‌లు! ఏడేళ్లు తిరగకుండా, 2003లో, ఎన్‌విడియా జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా వచ్చేసరికి దాని ఫ్యాను మోతకు జనం దుమ్ము పీల్చే మిషను అని పేరు పెట్టారు. ఆ కంపెనీవాళ్లే తమ మీద తాము జోకు వేసుకుంటూ ఒక వీడియో తీశారు. ప్రాసెసర్ చేసే పని ఒక తీరుది. కాసేపు పని, కాసేపు విశ్రాంతి. గ్రాఫిక్స్ చిప్‌కు ఆట నడుస్తున్నంతసేపూ విశ్రాంతి లేదు. సెకనుకు 60 బొమ్మలో, 144 బొమ్మలో గీస్తూనే ఉండాలి. అందుకే సినిమా చూస్తే చల్లగా ఉండే లాప్‌టాప్ ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు పెనంలా తయారవుతుంది.

ఇక్కడ 2001 సెప్టెంబరులో జరిగిన ఒక ముచ్చట చెప్పాలి. జర్మనీకి చెందిన థామస్ పాబ్స్ట్ తన 'టామ్స్ హార్డ్‌వేర్' కోసం ఒక ప్రయోగం చేసి వీడియో పెట్టాడు. కంప్యూటర్‌లో క్వేక్ 3 ఆట నడుస్తుండగానే ప్రాసెసర్ మీదున్న ఫ్యానునూ లోహపు రెక్కలనూ ఊడబెరికాడు. ఏఎమ్‌డీ అథ్లాన్ చిప్ క్షణాల్లో పొగ కక్కి చచ్చిపోయింది. దాని వేడి 300 డిగ్రీల దాకా పోయిందని కొలిచారు. ఇంటెల్ పెంటియమ్ 3 బిగుసుకుపోయి ఆగింది కానీ చావలేదు. పెంటియమ్ 4 మాత్రం ఆగనేలేదు. ఆట నత్తనడక నడిచింది, అంతే. రెక్కలు తిరిగి పెట్టగానే మళ్లీ మామూలు వేగం.

ఆ రోజు ఆ వీడియో చూసినవాళ్లలో చాలామంది ఇంటెల్ గెలిచిందని చెప్పుకున్నారు. మాకు మాత్రం అందులో అంతకన్నా పెద్ద సంగతి కనిపిస్తుంది. చిప్ తన వేడిని తానే కొలుచుకుని, హద్దు దాటబోతే తనంతట తానే నెమ్మదించే విద్య నేర్చింది. ఎండలో పని చేసే మేస్త్రీ ఒళ్లు కాలుతుంటే కాసేపు నీడకు పోయి వచ్చినట్టు. ఆ తర్వాత ఏఎమ్‌డీ కూడా ఆ విద్య నేర్చుకుంది. ఈ రోజు మన పిల్లల లాప్‌టాప్ గేమ్ ఆడుతూ ప్రాసెసర్ కాలి పొగలు వచ్చి చావడం దాదాపు జరగని పని. 95 చూసి భయపడేవాళ్లకు మేము మొదట చెప్పేది ఈ 2001 నాటి కథే.

ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో ఇంటెల్‌కు చెందిన ప్యాట్ గెల్సింగర్ ఒక పెద్ద సభలో హెచ్చరించాడు. చిప్‌లు ఇదే దారిన పోతే వాటి మీద చదరపు సెంటీమీటరుకు పుట్టే వేడి అణు రియాక్టర్‌తోనూ, రాకెట్ మూతితోనూ, చివరికి సూర్యుడి ఉపరితలంతోనూ పోటీ పడుతుందని. అతిశయోక్తిలా అనిపించినా అతని కంపెనీయే ఆ గుంటలో పడింది. డెనార్డ్ చెప్పిన కుంపటి సూత్రం అప్పటికి అరిగిపోయింది. ట్రాన్సిస్టర్ మరీ చిన్నదయ్యాక దాన్ని కట్టేసినా కరెంటు కారిపోతూనే ఉంటుంది, తిరుగుడు సరిగా మూయని కుళాయిలాగ. వోల్టేజీ ఒక వోల్టు దగ్గర ఆగిపోయింది. 2004 ఫిబ్రవరిలో వచ్చిన ప్రెస్కాట్ అనే పెంటియమ్ 4, తన ముందుదానికన్నా చిన్న ట్రాన్సిస్టర్లతో తయారై కూడా దానికన్నా ఎక్కువ కాగింది. 100 వాట్లు దాటింది. ఆ మే నెలలో తర్వాతి చిప్ పథకాన్ని రద్దు చేశారు. అక్టోబరులో, చేస్తామని మాట ఇచ్చిన 4 గిగాహెర్ట్జ్ చిప్‌ను కూడా మానుకున్నారు. ఇంటెల్ పెద్ద క్రెయిగ్ బ్యారెట్ ఓ సభలో వేదిక మీద, సరదాకే అనుకోండి, మోకాళ్ల మీద కూర్చుని క్షమాపణ అడిగాడు. వేడి ముందు మోకరిల్లిన కంపెనీ అని మేము దాన్ని గుర్తుపెట్టుకున్నాం.

కంపెనీని గట్టెక్కించింది లాప్‌టాప్ చిప్పే. ఇజ్రాయెల్‌లోని హైఫా ఊరిలో ఇంటెల్ ఇంజినీర్లు 2003 మార్చికి పెంటియమ్ ఎమ్ తయారుచేశారు. బ్యాటరీ కోసం పొదుపుగా పుట్టిన పిల్ల అది. గిగాహెర్ట్జ్ తక్కువ, వేడి 25 వాట్ల లోపు, పని మాత్రం అంతకన్నా ఎక్కువ గిగాహెర్ట్జ్ ఉన్న పెంటియమ్ 4తో సమానం. 2006లో వచ్చిన కోర్ 2 డ్యువో ఈ వంశానిదే. అంతదాకా డెస్క్‌టాప్ పెద్దన్న, లాప్‌టాప్ తమ్ముడు. ఆ ఏడు తమ్ముడి బట్టలు అన్న తొడుక్కున్నాడు.

ఇప్పుడు అసలు మలుపు. 2008 నవంబరులో ఇంటెల్ టర్బో బూస్ట్ అనే పద్ధతి డెస్క్‌టాప్ చిప్‌లలో తెచ్చింది, మరుసటి ఏడు లాప్‌టాప్‌లకూ ఇచ్చింది. చల్లగా ఉన్నంతసేపు చిప్ తన మామూలు వేగాన్ని దాటి పరుగెత్తుతుంది, హద్దు తగిలితే తగ్గుతుంది. అంతకుముందు వేడి హద్దు అంటే గోడ. పొరపాటున కూడా తగలకూడదు. టర్బో వచ్చాక అది మన నెల జీతం లాంటిదైంది. ఉన్నంతా ఖర్చు చేయడమే పద్ధతి. చాలా ఇంటెల్ లాప్‌టాప్ ప్రాసెసర్లకు ఆ హద్దు 100 డిగ్రీలు. ఎన్‌విడియా లాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌లకు సాధారణంగా 87 చుట్టుపక్కల. 2022లో ఏఎమ్‌డీ తన రైజెన్ 7000 డెస్క్‌టాప్ చిప్‌ల గురించి, బరువు పని చేసేటప్పుడు 95 చేరడం తాము కోరి పెట్టుకున్నదేనని బాహాటంగా చెప్పింది. అందుకే ఫ్యాను పెంచినా, కింద కూలింగ్ ప్యాడ్ పెట్టినా కొన్నిసార్లు ఆ అంకె తగ్గదు. మిగిలిన చోటును చిప్ వేగంగా మార్చుకుంటుంది. అంకె అదే ఉంటుంది, ఆట కొంచెం సాఫీగా నడుస్తుంది.

మరి నష్టం ఎక్కడ? అతుకుల దగ్గర.

చిప్‌ను కింది పలకకు కలిపేవి చిన్న చిన్న టంకం బొట్లు. ఆట మొదలుపెడితే కాగి ఉబ్బుతాయి, ఆపితే చల్లారి ముడుచుకుంటాయి. సిలికాన్ ఒక లెక్కన ఉబ్బుతుంది, కింది పలక ఇంకో లెక్కన. మధ్యలో నలిగేది టంకం. తీగను ఒకే చోట అటూ ఇటూ వంచుతుంటే చివరికి తెగినట్టు, వేలసార్లు జరిగాక బొట్టు బీటలు తీస్తుంది. 2008 జులైలో ఎన్‌విడియా తన లాప్‌టాప్ చిప్‌లు కొన్ని మామూలుకన్నా ఎక్కువగా పాడవుతున్నాయని ఒప్పుకుని, 15 నుంచి 20 కోట్ల డాలర్లు అందుకోసం పక్కన పెట్టింది. ప్యాకింగ్‌లో వాడిన పదార్థాల బలహీనత అది. డెల్, హెచ్‌పీ, యాపిల్ లాప్‌టాప్‌లు కూడా దెబ్బతిన్నాయి. దానికి ఒక ఏడాది ముందే మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ 360 ఆట పెట్టెలు ఎర్ర దీపాలు వెలిగించి చచ్చిపోతుంటే 100 కోట్ల డాలర్లకు పైగా కేటాయించి, వారంటీని మూడేళ్లకు పొడిగించింది. అక్కడా దోషి 90 డిగ్రీలు అన్న అంకె కాదు, కాగడం చల్లారడం, కాగడం చల్లారడం. ఆ రోజుల్లో జనం చచ్చిన బోర్డులను వంటింటి ఓవెన్‌లో పెట్టి కాల్చేవారు. కొన్ని లేచి కూర్చునేవి, కొన్ని వారాలకు మళ్లీ పడుకునేవి. ఇప్పటికీ కొందరు షాపువాళ్లు వేడి గాలి గన్నుతో అదే చేసి పూర్తి రిపేరు బిల్లు వేస్తారు. జాగ్రత్త.

రెండో నష్టం చర్మానికి. ఇది తల్లిదండ్రులు తప్పకుండా చదవాలి. 2010లో 'పీడియాట్రిక్స్' అనే వైద్య పత్రికలో స్విట్జర్లాండ్ డాక్టర్లు ఒక 12 ఏళ్ల అబ్బాయి గురించి రాశారు. రోజుకు కొన్ని గంటలు, కొన్ని నెలలపాటు, లాప్‌టాప్ తొడల మీద పెట్టుకుని ఆటలాడాడు. ఎడమ తొడ మీద చర్మం వల అల్లినట్టు రంగు మారింది. లాప్‌టాప్ ఎడమ వైపు కాగుతోందని వాడికి తెలుసు, ఐనా పక్కకు జరపలేదు. బొబ్బ లేదు, మంట లేదు, అందుకే పట్టించుకోలేదు. ఇది కొత్త జబ్బేమీ కాదు. కాశ్మీర్‌లో చలికి ఫెరన్ లోపల కాంగ్డీ కుంపటి పెట్టుకునేవాళ్లకు ఇదే మచ్చ వస్తుందని, ఏళ్ల తరబడి అట్లాగే ఉంటే అరుదుగా క్యాన్సర్ దాకా పోతుందని డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు. లాప్‌టాప్ అని పేరు పెట్టారు కదా అని ఒళ్లో పెట్టుకుని ఆడకూడదు. టేబుల్ మీదే ఆడాలి.

ఇన్ని వాట్లు అంత సన్నటి పెట్టెలోంచి బయటికి ఎట్లా పోతున్నాయంటే, వెనుక ఒక అందమైన పరికరం ఉంది. లోపల చదునుగా నొక్కిన రాగి గొట్టాలు కనిపిస్తాయి. అవి గట్టి కడ్డీలు కావు, బోలు గొట్టాలు. లోపల గాలి తీసేసి కొన్ని చుక్కల నీళ్లు పోసి మూస్తారు. చిప్ దగ్గర ఆ నీళ్లు ఆవిరవుతాయి. ఆ ఆవిరి ఫ్యాను వైపు చివరకు పోయి, ఇడ్లీ పాత్ర మూతకు పట్టినట్టు చల్లారి నీరై, గొట్టం గోడల్లోని సన్నటి రంధ్రాల గుండా వత్తిలో నూనెలాగా వెనక్కి వస్తుంది. 1963లో అమెరికాలోని లాస్ ఆలమోస్‌లో జార్జ్ గ్రోవర్ దీన్ని అంతరిక్ష అవసరాల కోసం తయారుచేసి చూపాడు. ఉపగ్రహాలకు పుట్టింది మన ఇంటి లాప్‌టాప్‌లోకి వచ్చింది.

తర్వాతి కథ సన్నదనం పిచ్చి. 2017లో తైపేలో ఎన్‌విడియా అధిపతి జెన్‌సెన్ హువాంగ్ మ్యాక్స్-క్యూ అనే పద్ధతి ప్రకటించాడు. పెద్ద గ్రాఫిక్స్ చిప్‌ను తక్కువ వాట్ల మీద నడిపి 18 మిల్లీమీటర్ల మందం లాప్‌టాప్‌లో పెట్టడం. ఆ ఏడాది నవంబరులోనే ఇంటెల్ తన ప్రాసెసర్ పక్కన ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ పెట్టి ఒకే ప్యాకెట్‌గా ఇస్తామంది. అదే వారంలో, ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపిన మన తెలుగువాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన రాజా కోడూరి ఇంటెల్‌కు మారాడు. (మన పిల్లలకు ఈ పేరు చెప్పండి, సినిమా హీరోల పేర్లు వాళ్లకు ఎట్లాగూ తెలుసు.) 2018 జులైలో యాపిల్ ఐ9 ప్రాసెసర్‌తో మ్యాక్‌బుక్ ప్రో తెస్తే, అది కాగి వేగం ఎంత పడిపోతోందో చూపించడానికి ఒకాయన దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి పరీక్షించాడు. రోజుల్లోనే యాపిల్ సాఫ్ట్‌వేర్ సర్దుబాటు పంపింది.

ఈ పిచ్చి వల్ల కొనేవాళ్లకు జరిగిన అన్యాయం ఒకటుంది. పేరు ఒకటే, వాట్లు వేరు. ఆర్‌టీఎక్స్ 3080 లాప్‌టాప్ చిప్ ఒక కంపెనీ పెట్టెలో 80 వాట్ల మీద నడుస్తుంది, ఇంకో దానిలో 150 మీద. పెట్టె మీద స్టిక్కరు మాత్రం ఒకటే. 2021లో గొడవ అయ్యాక ఎన్‌విడియా ఆ వాట్ల సంఖ్యను వెబ్‌సైట్లలో చూపించాలని తయారీదార్లకు చెప్పింది. షాపులో చిప్ పేరు అడిగినప్పుడు వాట్లు కూడా అడగండి. చెప్పలేకపోతే ఇంకో షాపు చూసుకోవచ్చు.

ఇక మన ఊళ్ల సంగతి. ఈ కంపెనీల పరీక్షలన్నీ 22, 25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. ఫ్యాను వేగం, వాట్లు అవే ఉంటే గది వేడి ఒక డిగ్రీ పెరిగితే లోపలా సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది. మా బళ్ళారిలో మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో 40. అంటే అక్కడ 80 చూపించిన చిప్ ఇక్కడ హద్దుకు తగిలి కూర్చుంటుంది. వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది. అది జబ్బు కాదు, వాతావరణం.

దీనికి తోడు పీచు. షోలాపూర్‌లో దుప్పట్లు, తువాళ్లు నేసే మన పద్మశాలి ఇళ్లలో, బళ్ళారిలో జీన్స్ కుట్టే ఇళ్లలో గాలిలో పత్తి నూగు ఎప్పుడూ తేలుతుంటుంది. లాప్‌టాప్ ఫ్యాను దాన్ని పీల్చి, ఫ్యానుకూ రాగి రెక్కలకూ మధ్య గొంగడిలా పరుస్తుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనిపించదు. మన సభ్యుల ఇంట్లో ఒక అమ్మాయి లాప్‌టాప్ ఇట్లాగే 97 చూపిస్తూ నత్తలా నడుస్తుంటే, ఊరిలోని ఒక షాపువాళ్లు ప్రాసెసర్ కాలిపోతోంది, మదర్‌బోర్డు మార్చాలి, 28 వేలు అన్నారు. అది ఆమె సెమిస్టరు ఫీజు. మాలో ఒకరు వెనుక మూత విప్పి చూస్తే వేలు మందం నూగు. పళ్ల బ్రష్షుతో తీసి, చిప్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది పూస్తే అదే గేమ్‌కు 84. ఖర్చు పేస్టుకు మాత్రమే. అంతకుముందు ఇట్లాంటి మాటలు విని బోర్డు మార్పించుకున్న ఇళ్లు మూడు మాకు తెలుసు. వాళ్ల పాత బోర్డులు ఏమయ్యాయో ఎవరూ అడగలేదు.

అంకె హద్దు దగ్గర ఉందంటే చెడిపోయిందని కాదు. నిరుడు ఇదే ఆటకు ఇదే గదిలో 82 చూపించింది ఈ ఏడు 97 చూపిస్తే మాత్రం లోపల నూగో, ఎండిన పేస్టో, ఆగిన ఫ్యానో ఉంది. కాబట్టి కొత్తగా కొన్నప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: తేదీ, గది వేడి, ఆట పేరు, రెండు అంకెలు. వెనుక భాగం కింద రెండు పుస్తకాలు పెట్టి ఎత్తితే గాలి ఆడుతుంది. 60 బొమ్మలకు కట్టడి చేసే వీలు దాదాపు ప్రతి ఆటలోనూ ఉంటుంది. ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంచి ఆడేవాళ్లు బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు పెట్టుకోండి. వేడికి చిప్ కన్నా ముందు ముసలిదయ్యేది బ్యాటరీయే. అది ఉబ్బి కీబోర్డు పైకి లేస్తున్నట్టు కనిపిస్తే మాత్రం వెంటనే వాడటం ఆపేయండి.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం హాల్లో మన ఇంజినీరింగ్ పిల్లలు నలుగురు స్క్రూడ్రైవర్లు, బ్రష్షులు, పేస్టు పట్టుకుని కూర్చుంటారు. లాప్‌టాప్‌తో పాటు ఛార్జరు కూడా తెచ్చుకోండి. వారంటీలో ఉన్నవాటి మూత విప్పరు, కొలిచి అంకెలు రాసిస్తారు, అంతే. పేస్టు ఖర్చు సంఘానిది. హోసూరు, బరంపురం, యానాం సభ్యులు మీ ఊళ్లోనూ ఇట్లాంటిది పెట్టుకోవాలనుకుంటే కార్యదర్శిగారికి చెప్పండి, ఏమేం కావాలో జాబితా పంపుతాం.